కుల్‌గెరా దగ్గర ముప్పావు గంట

ఆస్ట్రేలియాలో, అడిలైడ్‌లోని మా అమ్మాయి ఇంటి నుంచి దేశం నడిబొడ్డున ఉన్న ఆలిస్ స్ప్రింగ్స్‌కు పదిహేను వందల కిలోమీటర్ల పైమాటే. విమానం టికెట్టు ధర చూసి గుండె గుభేలుమంది. ఆ దారిలో నడిచే ఘాన్ అనే రైలు ధర చూశాక విమానమే నయమనిపించింది. ఈ వయసులో రాత్రంతా బస్సులో కూర్చోవడమేమిటని అల్లుడు వారించినా వినకుండా బస్సే ఎక్కాను. నడుము పట్టేసిన సంగతీ, తెల్లవారుజామున దారిలోని కూబర్ పీడీ అనే ఊళ్ళో వణికించిన చలి సంగతీ ఇక్కడ అనవసరం. చెప్పవలసింది కుల్‌గెరాలో బస్సు ఆగిన ముప్పావు గంట గురించే.

నార్తర్న్ టెరిటరీ అనే ప్రాంతపు సరిహద్దు దాటగానే తగిలే రోడ్‌హౌస్ అది. పెట్రోలు బంకు, తిండి దుకాణం, చుట్టూ ఎర్ర ఇసుక. అయిదు డాలర్లు పోసి కొన్న టీ వేణ్ణీళ్ళలా ఉంది. ఆ చిరాకుతోనే బయటికి వస్తే, బస్సులో నా వెనక సీట్లో కూర్చున్న పెద్దావిడ చెట్టు నీడలో నేలమీద చతికిలబడి ఉంది. ఆలిస్ స్ప్రింగ్స్ ప్రాంతపు అరండ ప్రజలకు చెందిన ఆదివాసి ఆమె. నాలుగేళ్ళుంటాయేమో, ఆమె మనవడు చెప్పులు విసిరేసి కంచె వైపు నడిచిపోతున్నాడు. ఆమె పిలవలేదు, తల తిప్పి చూడనైనా లేదు.

తెలంగాణలో ముప్పై ఏళ్ళు అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరైనదాన్ని కనుక, నిర్లక్ష్యం అనే మాట నా నోటిదాకా వచ్చింది. వాణ్ణి పట్టుకుందామని లేచాక కనిపించింది, పది అడుగుల వెనక నడుస్తున్న ఎనిమిదేళ్ళ పిల్ల. చెయ్యి పట్టుకోదు, అదిలించదు. వాడు ముళ్ళగడ్డి దగ్గర ఆగితే ఆగుతుంది, వంగి చూస్తే తానూ చూస్తుంది. కాసేపటికి ఇద్దరూ వాళ్ళంతట వాళ్ళే వెనక్కి వచ్చారు. వాడికి కజినా అని ఇంగ్లీషులో అడిగాను. కాదు, అక్క అంది పెద్దావిడ. మళ్ళీ గుచ్చి అడిగితే తేలిందేమిటంటే, ఆ పిల్ల వాడి తల్లికి అక్క కూతురు.

నాకు నవ్వొచ్చింది. మన ఇళ్ళలోనూ అంతే కదా! తల్లి అక్కచెల్లెళ్ళు అమ్మలే, తండ్రి అన్నదమ్ములు నాన్నలే, వాళ్ళ పిల్లలు మనకు తోబుట్టువులే. మేనమామ, మేనత్త మాత్రం వేరే వరస. ఆ మాటే చెబితే ఆవిడ ముఖం విప్పారింది. ఇంకో అడుగు వాళ్ళే ముందున్నారు: మనం ఇద్దరు తాతలనూ తాతయ్య అనే పిలుస్తాం, అరండలో తల్లి తండ్రికి ఒక మాట, తండ్రి తండ్రికి మరొకటి. అమ్మమ్మను ‘ఇప్మెన’ అంటారు. నాలుగేళ్ళ పిల్లవాడికి ఈ వరసలు తెలియడమంటే, ఆకలేస్తే ఎవరి దగ్గరికి పోవాలో, ఎవరు మందలిస్తే ఊరుకోవాలో తెలియడమే. అడిలైడ్‌లో నా మనవరాలికి కనిపించిన ఆడమనిషల్లా ఆంటీయే. పిన్నిని కూడా ఆంటీ అంటుంటే నా ప్రాణం ఉసూరుమంటుంది.

పెద్దావిడ అరచేతి అంచుతో ఇసుకను చదును చేసి, వేలితో గుర్రపు లాడం ఆకారంలో ఒక గుర్తు గీసింది. మనిషి ఇసుకలో కూర్చుని లేస్తే మిగిలే ముద్ర అది. దాని పక్కన చిన్న గీత గీస్తే తవ్వుకోల, అంటే కూర్చున్నది ఆడమనిషి. ఎదురుగా మరో రెండు గుర్తులు, మధ్యలో నిప్పు. కథ ఆమె భాషలో నడుస్తోంది. ఒక ఘట్టం అయిపోగానే చెరిపేసి మళ్ళీ మొదలుపెడుతోంది. పిల్లవాడు ప్రశ్నలు వేయలేదు, ఆమె వాణ్ణి పరీక్షించలేదు. మూడోసారి వాడే చెయ్యి చాచి ఇసుక చదును చేశాడు.

ఈ కథలు పెద్దావిడకు వాళ్ళమ్మ నేర్పినవి కావట. ఆలిస్ స్ప్రింగ్స్ పాత టెలిగ్రాఫ్ స్టేషన్లో 1932 నుంచి 1942 దాకా బంగళా అనే పిల్లల హోము ఉండేది. తెల్లతండ్రులకు పుట్టారన్న కారణంతో ఆదివాసి తల్లుల నుంచి తీసుకుపోయిన పిల్లలను అందులో పెట్టేవారు. వాళ్ళమ్మ అక్కడే పెరిగి, సొంత భాషకే దూరమైంది. ఈవిడకు భాషనూ కథలనూ అందించింది పెద్దమ్మలు. ప్రభుత్వం తల్లిని దూరం చేయగలిగింది గాని, తక్కిన తల్లులందరినీ దూరం చేయలేకపోయింది.

మా అమ్మాయి ప్రీస్కూల్లో పనిచేస్తుంది కనుక ఇక్కడి లెక్కలు కొన్ని నాకు తెలుసు. మూడేళ్ళకోసారి, బడిలో చేరిన తొలి ఏడాది పిల్లలను టీచర్లు అయిదు అంశాల్లో అంచనా వేస్తారు. అయిదింటిలోనూ వయసుకు తగినట్టు ఉన్న ఆదివాసి పిల్లలు 2021లో 34.3 శాతం, 2031 నాటికి 55 శాతం చేయాలన్నది ప్రభుత్వ లక్ష్యం. చెవిపోటు, చీము, ఇరుకిళ్ళు ఇక్కడి మారుమూల పల్లెల్లో నిజమైన కష్టాలే, వాటిని కాదనలేం. కాని నేనూ ఏళ్ళ తరబడి ఇలాంటి పట్టికలు నింపినదాన్నే. లంబాడీ తండాలో తెలుగు రాని పిల్ల ఎదుట రంగుల కార్డులు పట్టుకుని, జవాబు రాకపోతే ఆ గడిలో సున్నా చుట్టినదాన్నే. ఆ పిల్ల ఇంట్లో ఏ భాషలో ఎన్ని మాటలు ఆడుతుందో రాయడానికి నా పట్టికలో గడి లేదు.

డ్రైవరు హారన్ కొట్టాడు. నీ మనవరాలు నిన్నేమని పిలుస్తుందని పెద్దావిడ అడిగింది. అమ్మమ్మ అని చెప్పాను. పిల్లవాడు ఆ మాటను రెండుసార్లు నోట్లో తిప్పుకుని, ఆ పిల్ల ఎక్కడుందని అడిగాడు. అడిలైడ్‌లో అంటూ ఎటో చెయ్యి ఊపాను. వాడు లేచి వచ్చి, నా మోచేయి పట్టుకుని, మేము వచ్చిన దక్షిణం వైపుకు సరిగ్గా తిప్పి పెట్టి బస్సెక్కాడు.