ముసురుకు సరే, కుండపోతకే లెక్క తప్పుతోంది

మళ్ళీ అదే గోల! నిన్న సాయంత్రం మల్కాజిగిరిలో దంచికొట్టింది. డాబా మీద వాన కొలిచే మామూలు గొట్టం గేజ్‌లో 62 మి.మీ., గజం దూరంలోని నా టిప్పింగ్ బకెట్‌లో (చిన్న గిన్నె నిండి ఎన్నిసార్లు ఒరిగిందో లెక్కపెట్టి వాన చెప్పే డబ్బా) 51.4. ముసురు పట్టిన రోజు రెండూ ఒకే మాట చెబుతాయి. జనం ఏళ్ళ తరబడి చెప్పుకునే వానకే ఈ బకెట్ చేతులెత్తేస్తుంది. బేగంపేటలో ఒక్కరోజే 24 సెం.మీ. పడ్డ 2000 ఆగస్టు వాన మళ్ళీ వస్తే, నా డబ్బా 20 అని ఊరుకుంటుంది.

గరాటు వ్యాసం 127 మి.మీ. బకెట్ ఒకసారి ఒరగాలంటే 2.53 మి.లీ. కావాలి, అంటే 0.2 మి.మీ. వాన. సెలైన్ సెట్‌తో 253 మి.లీ. గంటసేపు వదిలితే 99 సార్లు ఒరిగింది. అదే నీళ్ళు పది నిమిషాల్లో వదిలితే 91. ఒరిగే క్షణంలోనూ ధార ఆగదు కదా, ఆ కాస్తా నిండిన గిన్నెలోకే పోయి లెక్కకు రావట్లేదు. ఒరిగినప్పుడల్లా అయస్కాంతంతో కలిసి లెక్క పంపే రీడ్ స్విచ్ మీద అనుమానం లేదు. గంటకు 120 మి.మీ. పడ్డా ఆరు సెకన్లకోసారే ఒరగాలి, ఒక్కో ఒరుగు తర్వాత నా కోడ్ పట్టించుకోనిది 200 మిల్లీసెకన్లే.

కానీ దాంతో పోయేది నూటికి తొమ్మిది. నిన్నటి తేడా పదిహేడు! గాలి అందామంటే గొట్టానికీ అదే గాలి. గరాటుకు లోతు లేదు, లావు చినుకులు చిట్లి బయటికి ఎగురుతున్నాయని నా అనుమానం. మగ్గుతో ఎత్తునుంచి పోస్తే అంచు బయట తుంపర కనబడింది కూడా. కోడ్‌లో 1.2తో గుణించెయ్యమనే సలహా నాకు నచ్చదు, ముసురు లెక్క చెడుతుంది.

ఉష్ణోగ్రతతో గొడవ లేదు. తెల్ల ప్లేట్ల గొడుగు కింద బీఎంఈ280 సెన్సర్ బుద్ధిగా ఉంది. అదే పనికి డీహెచ్‌టీ11 సెన్సర్ వాడేవాళ్ళకో దండం.

పొద్దున 8:30కి పుస్తకంలో అంకె రాస్తుంటే అమ్మ అననే అంది: "ఆ డబ్బాను అడుగుడేంది బిడ్డా, మన్ను తవ్వి చూడు, పదునెంత దిగిందో తెలుస్తది." అదీ రాశా, అంకె పక్కనే: 'ఆరుద్ర, కుండపోత, కుండీలో జానెడు పదును.' అంకె ఎటూ తప్పేలా ఉంది, ఇదన్నా ఉండనీ.

ముందు గరాటు అంచుకు పది సెం.మీ. పట్టీ ఎత్తాలి. పీవీసీ ముక్క రాణిగంజ్‌లో దొరుకుతుంది గానీ లోపలి వ్యాసం 127 కాకపోతే లెక్కంతా మారుతుంది, కొలిచే వెర్నియర్ కాలిపర్ పట్టుకుపోవాలి. తర్వాత గరాటుకూ బకెట్‌కూ మధ్య, నీళ్ళను ఒకే వేగంతో వదిలే సైఫన్ గొట్టం. అదీ కుదరకపోతే లోడ్ సెల్ (బరువు సెన్సర్) పెట్టి నీళ్ళు తూచడమే. దాని రీడింగ్ చదివే హెచ్‌ఎక్స్711 బోర్డు సొరుగులో ఉంది. ఎండకు ఆ రీడింగ్ కదులుతుంది, అది ఇంకో తలనొప్పి.