ఉండీ లేని గాలిలో ట్రపీజ్: నా అనుభవం

తెరచాప పడవలో ట్రపీజ్ (వైరుకు వేలాడి ఒళ్లు బయటికి వాల్చడం) అనగానే అందరూ పెద్ద గాలి గురించే అడుగుతారు. భయం వెయ్యదా, పడిపోవా అని. చెన్నై సముద్రంలో 420 అనే చిన్న తెరచాప పడవకు క్రూగా (చుక్కాని పట్టేవాళ్లకు తోడుండే రెండో మనిషిగా) వెళ్లడం మొదలెట్టాక నాకు తెలిసింది వేరు. పెద్ద గాలికి ఒకటే పని, బయటికెళ్లి వేలాడటం. గాలి చచ్చిపోతే అప్పుడూ ఒకటే పని, కదలకుండా కూర్చోవటం. ఎనిమిది నాట్ల (గంటకు సుమారు పదిహేను కిలోమీటర్ల) దగ్గర ఊగిసలాడే గాలి ఉంది చూశారూ, మనిషి ప్రాణం తీసేది అది.

పడవ పొడవు 4.20 మీటర్లు, పేరు అందులోంచే వచ్చింది. హల్, అంటే తెరచాపలూ కొయ్యా లేని ఒట్టి పడవ, బరువు 80 కిలోలు. ఇద్దరు మనుషులు, మూడు తెరచాపలు: పెద్దది మెయిన్, దాని ముందుండే చిన్నది జిబ్, గాలివాటున పోయేటప్పుడు విప్పే స్పినేకర్. ట్రపీజ్ ఒక్కటే, అది క్రూది. తెరచాప కొయ్య పైనుంచి దిగే వైరుకు నడుముకున్న హార్నెస్ హుక్కు తగిలించుకుని, పడవ అంచు మీద పాదాలు ఆనించి, ఒళ్లంతా నీళ్ల మీదికి వాల్చేస్తాం. గాలి పడవను ఒక పక్కకి తోస్తుంటే మన బరువు రెండో పక్క నుంచి ఆపుతుందన్నమాట.

చుక్కాని పట్టేది మా అక్క కొడుకు. పదిహేడేళ్లవాడు, ఆప్టిమిస్ట్ అనే పిల్లల పడవల్లో చిన్నప్పటి నుంచీ తిరిగినవాడు. ఒడ్డున "పిన్నీ, నీళ్ల బాటిల్ పెట్టావా" అని వెనకాలే తిరుగుతాడు. పడవెక్కితే చాలు, "బయటికి! లోపలికి! జిబ్ లాగు!" తప్ప ఇంకో మాట ఉండదు. మా ఇద్దరి బరువూ కలిపితే 112 కిలోలు. ఈ పడవకు అది తక్కువ వైపే, చిన్న గాలికి వరం, పెద్ద గాలికి శాపం.

నేర్చుకోవడం నేల మీదే మొదలైంది. ట్రాలీ మీద పడవ పెట్టి, అవతలి పక్క ఇద్దరు పిల్లలు బరువేసి పట్టుకుంటే, నేను హుక్కు తగిలించుకుని సిమెంటు గచ్చు మీదికి వేలాడేదాన్ని. ముందు పిరుదులు అంచు దాటాలి, బరువంతా వైరు మీద పడాలి, అప్పుడే కాళ్లు. చేతులతో వేలాడితే రెండు నిమిషాల్లో భుజాలు పోతాయి. పడవ ముక్కు వైపున్న కాలు చాపి ఉంచాలి, లేకపోతే పడవ అలకి గుద్దుకుని ఆగినప్పుడు మనం ఆగం, కొయ్య చుట్టూ తిరిగి ముందుకెళ్లి పడతాం. తర్వాత నీళ్లలో కావాలని బోల్తా కొట్టించి, సెంటర్‌బోర్డు (పడవ అడుగు నుంచి నీళ్లలోకి దిగే పలక) ఎక్కి మళ్లీ నిలబెట్టడం. హుక్కు వైరుకు చిక్కుకుంటే ప్రమాదం కాబట్టి, 2023 నుంచి రేసుల్లో హుక్కు తొందరగా ఊడొచ్చే హార్నెసే వాడాలని నిబంధన. ధర చూసి అక్క నోరెళ్లబెట్టింది. "ఈ వయసులో నీకీ వేలాడ్డాలెందుకే?" అన్నది దాని తర్వాతి ప్రశ్న.

జూన్‌లో రేసు. ఆ నెలల్లో చెన్నైలో పొద్దున్నే పడమటి గాలి, ఊరి మీదుగా వేడిగా వస్తుంది. మధ్యాహ్నానికి నేల కాగి సముద్రపు గాలి లోపలికి రావాలని చూస్తుంది, పడమటిది దాన్ని అంత సులభంగా రానివ్వదు. రెండూ తోసుకునే సమయంలో మధ్యలో ఉన్నవాళ్లకి ఏ గాలీ దక్కదు. ఒకే రోజులో మూడు రకాల గాలీ అలా మా పాలిట పడింది.

మొదటి రేసు పడమటి గాలికి. స్టార్టుకు ముందు మావాడు స్టార్టు లైను మీద పడవను సూటిగా గాలికి ఎదురు నిలిపాడు. ముక్కు ఏ చివరవైపు వాలితే ఆ చివర లాభం. ఇంకా అయిదు నిమిషాలుండగా క్లాసు జెండా (మా రకం పడవలది) లేచింది, నాలుగుండగా రెండోది, ఒక నిమిషం ఉండగా రెండోది దిగింది, సున్నాకి మొదటిదీ దిగింది. బయల్దేరాం.

నీళ్లు పళ్లెంలా ఉన్నాయి, గాలి మాత్రం పిచ్చిది. ఆరు నాట్లు, పన్నెండు, మళ్లీ ఆరు. గాలి చూసి చెప్పడం నా పని. గాలి తోపు నీటి మీద నల్లటి మచ్చలా పాకుతూ వస్తుంటే "వస్తోంది... మూడు... రెండు... ఇప్పుడు" అంటాను, ఆ 'ఇప్పుడు'కి నేను వైరు మీద ఉండాలి. (తెలుగులో అరుచుకుంటే పక్క పడవలకు అర్థం కాదనుకున్నాం. ఒకదాంట్లో గుంటూరు కుర్రాడున్నాడని తర్వాత తెలిసింది.) మచ్చ దాటగానే పడవ నా మీదికి ఒరుగుతుంది, ఆలస్యమైతే వీపు నీళ్లలో ఈడ్చుకుపోయి బ్రేకు వేసినట్టే. గాలి తగ్గినా అంతే, గాలి దిశ ముక్కు వైపుకి మళ్లినా అంతే. బయట ఉన్న మనిషికి ఆ రెండూ ఒకేలా తగులుతాయి, చెయ్యాల్సింది మాత్రం వేరు. దిశ మారితే ట్యాక్ చెయ్యాలి, అంటే ముక్కును గాలి మీదుగా రెండో వైపుకి తిప్పాలి; గాలే తగ్గితే ఓపిక పట్టాలి. తేడా తెలిసేది దిక్సూచి చూస్తేనే. నేను అంకె చెప్పాలి, వాడు నిర్ణయించాలి. ఒడ్డు వైపున్న మార్కు (చుట్టి రావాల్సిన బోయా) దగ్గరికెళ్లేసరికి, భవనాల మీంచి దిగే గాలి ఏ మూల నుంచి కొడుతుందో ఎవరికీ అంతు చిక్కలేదు. హుక్కు తగిలించే వైరు చివరి రింగును కాస్త పైకి కట్టుకున్నాం కాబట్టి బతికాం. ఎత్తుగా ఉంటే వేలాడే బలం తగ్గుతుంది గానీ, లోపలికి రావడం తేలిక.

అక్కడే ఒకడు పోర్టు ట్యాక్ మీద (గాలి ఎడమ పక్క నుంచి తగిలేలా) మా ముందుకు దూరాడు. "స్టార్‌బోర్డ్!" (గాలి మా కుడి పక్కన, దారి మాది) అని మావాడు అరిచిన అరుపు లైట్‌హౌస్ దాకా వినపడి ఉండాలి. ఆ పడవ తప్పుకోక తప్పలేదు. మూడో స్థానం.

తర్వాత గాలి చచ్చిపోయింది, ఎరుపు, తెలుపు చారల వాయిదా జెండా. ఎండలో తేలుతూ కూర్చున్నాం. దాని గురించి చెప్పేదేం లేదు. రెండో రేసు ఏదో జరిగిందంటే జరిగింది. నేను గాలి కిందివైపు (గాలి పోయే పక్కన) ముడుచుకుని కూర్చున్నా, పడవ కొంచెం అటు ఒరిగితే తెరచాప ఆకారం నిలుస్తుందని. తిమ్మిరెక్కిన కాలు కదిపితే "పిన్నీ!" అని గుసగుస.

మూడో రేసుకి తూర్పున నల్లటి గీత కనపడింది. ఆగ్నేయం నుంచి సముద్రపు గాలి, చూస్తుండగానే పదహారు నాట్లు. అలలు లేచాయి. మాలాంటి తేలికవాళ్లు అప్పుడు తెరచాపల బలం తగ్గించుకోవాలి: కన్నింగ్‌హామ్ (మెయిన్ ముందంచును కిందికి లాగే తాడు) బాగా లాగి, కిక్కర్ (మెయిన్ అడుగు కొయ్యను పైకి లేవనివ్వని తాడు) బిగించి, సెంటర్‌బోర్డు కాస్త పైకి లేపాం. ఆపైన నేను వైరు మీద నుంచి కదలనక్కర్లేదు. తొడలు మండుతున్నాయి, ఉప్పునీళ్లు మొహాన కొడుతున్నాయి, అయినా ఒళ్లు ఎటుండాలో తెలిసిన నిశ్చింత. బరువైన జంటలు మమ్మల్ని దాటి పోయాయి, ఆరో స్థానానికి వచ్చాం.

ఒడ్డుకొచ్చి తాళ్లు కడుగుతుంటే వాడు చివరి రేసు గురించే బాధపడ్డాడు, రింగు ఇంకా కిందికి దించాల్సిందని. నాకైతే ఆ మొదటి రేసులో మూడో స్థానమే గొప్ప. ఈశాన్య గాలి మొదలయ్యాక అలలు ఇంకా పెద్దవి. అప్పటికి వాడికి ప్లస్ టూ పరీక్షల హడావుడి, అక్క పడవ దగ్గరికి రానిచ్చేట్టు లేదు. చుక్కాని పట్టేవాళ్లు ఎవరైనా కావాలి, అరవై కిలోలు దాటినవాళ్లయితే మరీ మంచిది. ముందు ఆ గుంటూరు కుర్రాణ్ణి అడిగి చూడాలి.