మా మట్టి నగలకు ట్యాగు కుదిరింది

మట్టి బుట్టకమ్మలు చేయడం మూడేళ్ళుగా నాకు చేయి తిరిగిన పని. మన్ను పిసకడం, నీడన ఆరబెట్టడం, ఊకలో కాల్చడం, రంగులు వేయడం, దేనికీ తడుముకోను. వాటి వెనక పెట్టే అట్టముక్క, అదే ట్యాగు, దగ్గర మాత్రం ఐదు నెలలు ఆగిపోయాను.

మొదట్లో ట్యాగే లేదు. చిన్న కవర్లో వేసి, పిన్ను కొట్టి ఇచ్చేదాన్ని. మాదాపూర్ శిల్పారామంలో తొలిసారి స్టాలు పెట్టినప్పుడు ఒకావిడ ఎర్ర కమ్మలు చేతిలోకి తీసుకుని, "ఇవి చెక్కవా, ప్లాస్టిక్‌వా?" అని అడిగారు. మట్టివండీ అన్నాను. సాయంత్రం దాకా అదే జవాబు ఎంతమందికి చెప్పానో! జనం ఎక్కువైనప్పుడు నేను చెప్పేలోపే పక్క స్టాలుకి వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు. కొన్నవాళ్ళలో ఒకమ్మాయి వారం తిరక్కుండా ఫోన్ చేసింది. కమ్మలతోనే తలస్నానం చేసిందట, రంగు పోయింది. ఆ పిల్లని ఏమనగలను? తడపకూడదని నేను చెబితే కదా!

ఆ రాత్రే కూర్చుని ట్యాగు మీద ఏం ఉండాలో రాసుకున్నాను. ఇది మట్టి అని, చేత్తో చేసిందని, నీళ్ళూ సెంటూ తగలనివ్వొద్దని, కింద పడితే పగులుతుందని. ఇంతే. పువ్వులు, నెమళ్ళు, లతలు అన్నీ తర్వాత తీసేశాను. కమ్మ మీద నేను చెక్కిన నెమలి ఉండగా అట్ట మీద ఇంకో నెమలి ఎందుకు?

సైజు దగ్గర తప్పటడుగు వేశాను. చవగ్గా వస్తుందని విజిటింగ్ కార్డు కొలతే, మూడున్నర అంగుళాలు బై రెండు, తీసుకున్నాను. దాన్ని దారంతో కమ్మకి కడితే కమ్మ కనపడలేదు, కార్డే కనపడింది. అందుకని కట్టడం మానేసి, కమ్మల్నే అట్టకి గుచ్చాలనుకున్నాను. తెల్ల అట్ట ముక్కలు రకరకాలుగా కత్తిరించి గోడకి వేలాడదీసి, నాలుగడుగుల దూరంలో నిలబడి చూశాను. చివరికి రెండు అంగుళాల వెడల్పు, మూడు అంగుళాల పొడవు బాగుందనిపించింది. పల్చటి అట్ట బుట్టల బరువుకి ముందుకి వంగిపోతుంది. 300 జీఎస్ఎమ్ (కాగితం మందం చెప్పే లెక్క) ఆర్ట్ కార్డు నిలబడింది. రెండు చిల్లుల మధ్య దూరం కూడా చూసుకోవాలి. మొదట అంగుళం పెట్టాను. బ్యాగులో కదిలినప్పుడల్లా బుట్టలు ఒకదానికొకటి కొట్టుకుని అంచులు పెచ్చులూడాయి. అంగుళంపావుకి జరిపాక ఆ బాధ తప్పింది.

ఇక ప్రింటు. డిజైన్ ఇంట్లోనే చేసుకున్నాను. పైన పెద్ద అక్షరాలకి రామభద్ర ఫాంటు, కింద చిన్న అక్షరాలకి మండలి. రెండూ ఉచితంగా దొరుకుతాయి. ఫైలు ఒక షాపుకి పంపి, ప్రూఫ్, అంటే నమూనా ప్రింటు, చూడకుండా 500 వేయమన్నాను. కట్ట విప్పి చూస్తే "మట్టి" అని ఉండాల్సిన చోట "మట్‌టి" అని ఉంది. "చేత్తో" కాస్తా "చేత్‌తో" అయింది. ఒత్తులన్నీ విడిపోయాయి! కళ్ళనీళ్ళు తిరిగాయి. మన మట్టిని మనమే సరిగ్గా రాసుకోలేకపోతే ఎలా?

కారణం తర్వాత తెలిసింది. నేను పంపింది యూనికోడ్ తెలుగు, అంటే ఇప్పుడు ఫోన్లలో, నెట్‌లో వాడే తెలుగు. అక్కడ ఏళ్ళుగా అను అనే పాత పద్ధతి ఫాంట్లలో పని చేస్తున్నారు, వాళ్ళ పాత సాఫ్ట్‌వేర్ యూనికోడ్ ఒత్తుల్ని కలపలేదు. పరిష్కారం తేలికే. అక్షరాల్ని కర్వ్స్‌గా, అంటే గీతలుగా, మార్చి పీడీఎఫ్ ఇస్తే అవి బొమ్మల్లా ఉండిపోతాయి, ఏ కంప్యూటర్లో తెరిచినా చెదరవు. రంగు అంచుదాకా ఉంటే, కత్తిరింపులో పోయేందుకు చుట్టూ మూడు మిల్లీమీటర్లు రంగు ఎక్కువ వదలాలన్నది కూడా అప్పుడే నేర్చుకున్నాను.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది కమ్మని చెవికి తగిలించే కొక్కెం. బేగంబజార్‌లో కొన్నవాటిని అందరూ పిలిచినట్టే నేనూ జర్మన్ సిల్వర్ అనేదాన్ని. ట్యాగు మీద "సిల్వర్ కొక్కెం" అని వేశాను. ఒకావిడకి చెవి దురదపెట్టి ఎర్రబడింది. "వెండి నాకెప్పుడూ పడుతుందే!" అన్నారు. జర్మన్ సిల్వర్‌లో వెండి ఉండదు, రాగి, నికెల్, జింకు కలిపిన లోహం అది. నికెల్ కొందరి చర్మానికి పడదు. ఆవిడకి డబ్బు తిరిగిచ్చాను. ఇప్పుడు ట్యాగు మీద "కొక్కెం: జర్మన్ సిల్వర్, వెండి కాదు" అని స్పష్టంగా ఉంటుంది. కావాలన్నవాళ్ళకి నూటికి 92.5 పాళ్ళు వెండి ఉన్న కొక్కేలు వేసి, ఆ మాట రాసి, వేరే ధరకి ఇస్తున్నాను.

ఒక బొటిక్ వాళ్ళు సరుకు అడిగినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. ప్యాక్ చేసి అమ్మే వస్తువు మీద తయారుచేసినవారి పేరు, చిరునామా, వస్తువు పేరు, ఎన్ని ఉన్నాయో, తయారైన నెల, సంవత్సరం, పన్నులన్నీ కలిపిన ఎమ్మార్పీ, ఫిర్యాదుకి ఫోన్ నంబరు ఉండాలి. తూనికలు కొలతల చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనలివి. ఆ వివరాలు హిందీలోనో ఇంగ్లీషులోనో తప్పనిసరి, తెలుగు అదనంగా వేసుకోవచ్చు. అన్నీ అట్ట మీద ఇరికిస్తే అమావాస్య చీకటిలా ఉంది. అందుకని వాటిని స్టిక్కరుగా చేసి, కమ్మలు పెట్టి ఇచ్చే సంచీకి అంటిస్తున్నాను. కమ్మల వెనక అట్ట మాత్రం పూర్తిగా తెలుగే. బహుమతిగా ఇచ్చేవాళ్ళకీ ఇదే నయం, అట్ట మీద ధర ఉండదు.

కొత్త అట్టలు వేయించే ముందు తెల్ల నమూనాలు బల్ల మీద ఆరబోస్తే, మా అత్తగారు శుభలేఖలకి రాసినట్టు ఒకదానికి నాలుగు మూలలా పసుపు అద్దారు. "శుభమా అని చెవికి పెట్టుకునేది, బోసిగా ఏం బాగుంటుందమ్మా" అన్నారు. ఎర్ర మట్టి పక్కన ఆ పసుపు మూలలు వెలిగిపోయాయి. దాన్నే డిజైన్ చేశాను. కానీ ఫోన్లో కనిపించే పసుపు, కాగితం మీద పడే పసుపు ఒకటి కావు. మొదటి ప్రూఫ్ నిమ్మపండులా వచ్చింది. ఈసారి షాపు మార్చి, నాలుగు రకాల పసుపుతో ఒకే షీటు వేయించి ఇంటికి తెచ్చాను. అత్తగారు వంటింట్లోంచి పోపుల పెట్టె తెచ్చి, చిటికెడు పసుపు ఒక్కో రంగు పక్కన పెట్టి చూసి, మూడోదాని మీద వేలు పెట్టారు. మర్నాడు ఎనిమిది షీట్లు వేయించాను. షీటుకి ఇరవై అయిదు చొప్పున, రెండు వందల అట్టలు.