కరెంటు వెంట సిగ్నల్

గాలివానకు పర్లాకిమిడిలో కరెంటు పోయిన కాసేపటికి ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటిగా మాయమయ్యాయి. తెగిన తీగ సంగతి కబురు చెప్పడానికి మా చిన్నాన్న సైకిల్ మీద సబ్‌స్టేషన్‌కు వెళ్ళవలసి వచ్చింది.

కరెంటు, కమ్యూనికేషన్ ఇలా ఒకదానిపై ఒకటి ఆధారపడడం: నా పరిశోధన సరిగ్గా దీని గురించే. 2003 సెప్టెంబరులో ఇటలీ చీకటిలో మునిగినప్పుడు విద్యుత్ కేంద్రాలు ఆగి, వాటిని నియంత్రించే సమాచార నెట్‌వర్క్ దెబ్బతిని, దానివల్ల మరిన్ని కేంద్రాలు ఆగిపోయాయి. ఆ ఉదంతాన్ని తీసుకుని బుల్దిరెవ్, స్టాన్లీ, హావ్లిన్ తదితర పరిశోధకులు 2010లో ‘నేచర్’ పత్రికలో చూపిన ఫలితం నన్ను ఇప్పటికీ వదలదు: కొన్ని నోడ్లకే (లింకులు కలిసే బిందువులకే) ఎక్కువ లింకులుండడం ఒంటరి నెట్‌వర్క్‌కు యాదృచ్ఛిక వైఫల్యాలను తట్టుకునే బలమైతే, ఒకదానిపై ఒకటి ఆధారపడ్డ రెండింటికి అదే బలహీనత.

అందుకే విద్యుత్ గ్రిడ్‌ను, కమ్యూనికేషన్‌ను వేర్వేరు నమూనాలుగా పరీక్షించి సరిపెట్టుకోవడం నాకు బొత్తిగా నచ్చదు.