మోకాలి మీద చిన్న సుత్తి

31వ వారంలో నా ముఖం ఉబ్బింది. అమ్మ చూసి "నీరు పట్టిందే, కడుపుతో ఉన్నవాళ్ళకి మామూలేలే" అంది. అంతకు వారం ముందే గాజువాకలో నేను చూపించుకునే క్లినిక్‌లో బీపీ 150/100 వచ్చింది, ఉప్పు తగ్గించి రెండు వారాలాగి రమ్మన్నారు, యూరిన్ టెస్ట్ కూడా రాయలేదు. తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. 20 వారాలు దాటాక 140/90 వస్తే మూత్రంలో ప్రోటీన్ పోతోందేమో చూడాలని నాకు ఇప్పుడు తెలుసు, వాళ్ళకి అప్పుడే తెలియాలి కదా.

ఆ రాత్రి విపరీతమైన తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకున్నాను. తెల్లారేసరికి వాంతులు. మా ఆయన ఇంకెవరినీ అడగలేదు, కారు మాట్లాడి, హైరిస్క్ కేసులు చూసే ఒక మేడమ్ దగ్గరికి తీసుకెళ్ళిపోయారు. ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే ఎండ వెలుగు కూడా భరించలేక చున్నీ కప్పుకున్నాను.

బీపీ 170/110. "ప్రీఎక్లాంప్సియా అమ్మా, కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగి వచ్చే జబ్బు, ఫిట్స్ రాకముందే ఆపాలి" అన్నారు మేడమ్. మా అమ్మమ్మ భయపడుతూ చెప్పే గుర్రపువాతం అంటే ఆ ఫిట్సేనని అప్పుడు అర్థమైంది.

ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కిస్తుంటే ఒళ్ళంతా మంట పుట్టింది, తర్వాత రెండు పిరుదులకీ ఇంజెక్షన్లు. నాలుగు గంటలకోసారి మళ్ళీ డోసు, ప్రతి డోసుకీ ముందు మేడమ్ వచ్చి మోకాలి కింద చిన్న సుత్తితో కొట్టి చూసేవారు, ఊపిరి లెక్కపెట్టేవారు, యూరిన్ బ్యాగ్ చూసేవారు. కాలు ఎగరకపోతే మందు ఎక్కువైనట్టట. సిస్టర్‌కి వదిలేయొచ్చు కదా అని అడిగాను. రాత్రి రెండు గంటలు అప్పుడు.

మేడమ్ వైజాగ్ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో పీజీ చేసే రోజుల్లో ఏజెన్సీ గిరిజన ఊళ్ళ వైపు నుంచి గంటల తరబడి ప్రయాణం చేసి ఫిట్స్‌తో వచ్చేవాళ్ళని చూశారట, కొందరు దక్కలేదట. పీజీ అయ్యాక అందరూ సొంత నర్సింగ్ హోమ్ పెట్టుకుంటుంటే తను ఫీటల్ మెడిసిన్, అంటే కడుపులో బిడ్డకి చేసే వైద్యం, నేర్చుకోవడానికి వెళ్ళారట. "ఆపరేషన్ చేయడం అందరికీ వచ్చు, ఏ రోజు చేయాలో తేల్చుకోవడమే మా పని" అన్నారు.

నా విషయంలో ఆ రోజు మూడోది. పాప ఊపిరితిత్తుల కోసం 12 గంటలకొకటి చొప్పున నాలుగు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు పూర్తయ్యేదాకా ఆపారు, రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్లేట్‌లెట్లు పడిపోవడం మొదలవగానే ఇక ఆగలేదు. 1.3 కేజీల పాప. 34 రోజులు పసిపిల్లల ఐసీయూ (ఎన్ఐసీయూ)లో ఉంది, ఇప్పుడు బడికి వెళ్తోంది.

కాన్పయితే జబ్బు పోయినట్టే అనుకున్నాను. నాలుగో రోజు బీపీ మళ్ళీ పెరిగింది. ఆరు వారాలు మాత్రలు వాడాను, బీపీ మిషన్ పట్టీ బిగుసుకుంటే చాలు, చాలా నెలలు గుండె దడదడలాడేది. ఆ మాట చెప్పుకుంటే మేడమ్ "వస్తుందమ్మా" అని ఊరుకోలేదు, ఇంట్లోనే మా ఆయన చేత చూపించుకుని నోట్‌బుక్‌లో రాయమన్నారు. రాస్తూ రాస్తూ టెన్షన్ తగ్గింది.

మళ్ళీ కడుపు వస్తే 12వ వారానికల్లా రావాలని, ఈ జబ్బు మళ్ళీ వచ్చే అవకాశం తగ్గడానికి ఆస్పిరిన్ అప్పుడే మొదలుపెట్టాలని ఆ రోజే చెప్పారు. ఇప్పుడు నాకు పదకొండో వారం. సోమవారం వెళ్తున్నాం, నోట్‌బుక్ కూడా తీసుకెళ్తున్నాను.