డొల్ల వాద్యం, మూడు దేశాల చేతులు

పాత బేస్ గిటార్ల నమూనాలో ఇప్పుడు కొత్తగా తయారయ్యే వాద్యాలను రీఇష్యూలంటారు. వాటిని నకళ్లని ఎవరైనా తీసిపారేస్తే నేను ఊరుకోలేను. జర్మనీలో ఎర్లాంగెన్ పట్టణం పక్కన ఒక వాద్యాల వర్క్‌షాపులో, ఆసియా నుంచి కంటెయినర్లలో వచ్చిన గిటార్ల పెట్టెలు విప్పి, పరీక్షించి, వాయించడానికి సిద్ధం చేయడం నా ఉద్యోగం. బెజవాడ నుంచి మెకానికల్ ఇంజనీరింగ్‌లో ఎం.ఎస్. చదవడానికి వెళ్లాను. ఇంటి అద్దె కోసం చేరిన పని ఇది. చదువు పూర్తయ్యాక ఇందులోనే స్థిరపడ్డాను. నేను కార్ల కంపెనీలో చేరతానని ఆశపడిన నాన్నగారికి మొదట్లో ఇది రుచించలేదు. పల్చటి చెక్క డబ్బా మీద నాలుగు తీగలు శ్రుతిగా పలకడానికి ఎంత లెక్క, ఎంత ఓర్పు కావాలో ఫోనులో చెప్పగా చెప్పగా, ఇప్పుడు ఆయనే అడిగి తెలుసుకుంటున్నారు.

మామూలు ఎలక్ట్రిక్ బేస్ గిటార్ ఒళ్లంతా గట్టి చెక్క దిమ్మె. హాలోబాడీ బేస్ లోపల డొల్లగా ఉంటుంది. తీగ కదిలితే పై పలక కూడా కదులుతుంది. అందుకే స్వరం మొదట నిండుగా, గుండ్రంగా లేచి, తొందరగా అణిగిపోతుంది. 1960ల నాటి కొన్ని రికార్డుల్లో వినిపించే ఆ మెత్తని దరువు ఈ డొల్ల వల్ల, దాని మీద బిగించిన నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగల వల్ల వచ్చినదే.

ఈ జాతిలో అందరూ గుర్తుపట్టే వాద్యం హోఫ్నర్ కంపెనీ వారి 500/1. వాల్టర్ హోఫ్నర్ రూపకల్పన చేయగా 1956లో బయటికి వచ్చింది. వయొలిన్ ఆకారం, మీద స్ప్రూస్ చెక్క, వెనుకా పక్కలా మేపుల్. తీగ పొడవు 30 అంగుళాలు, అంటే మామూలు బేస్ కంటే 4 అంగుళాలు తక్కువ. బరువు సుమారు రెండున్నర కిలోలు. బీటిల్స్ బృందంలోని పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గ్‌లో సుమారు 30 పౌండ్లకు ఒకటి కొనుక్కున్నారు. ఆయనది ఎడమచేతి వాటం. రెండు వైపులా ఒకేలా ఉండే ఆకారం కాబట్టి తిప్పి పట్టుకున్నా వికారంగా కనిపించదని ఆయనే చెప్పారు. ఆ వాద్యం 1972లో లండన్‌లో దొంగల పాలైంది. అది తిరిగి ఆయన చేతికి చేరిందన్న ప్రకటన 2024 ఫిబ్రవరిలో వచ్చింది. ఆ వారం మా వర్క్‌షాపులో ఎవరి నోట విన్నా అదే మాట. అరవై ఏళ్లు దాటిన చెక్క, యాభై ఏళ్లకు పైగా ఎవరి కంటా పడకుండా ఉండి కూడా బతికే ఉందంటే, దాన్ని చేసినవారి పనితనం ఎలాంటిదో ఊహించండి.

వారెవరన్నది నాకు ముఖ్యమైన సంగతి. ఇది అచ్చమైన జర్మనీ సరుకని అంటారు గానీ, దాని వెనుక ఉన్నది వలస. కంపెనీ స్థాపకుడు కార్ల్ హోఫ్నర్ 1887లో వ్యాపారం మొదలుపెట్టిన షోన్‌బాఖ్ ఈనాడు చెక్ దేశంలో లూబీ అనే ఊరు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అక్కడి జర్మన్ భాషీయులను చెకొస్లొవేకియా వెళ్లగొట్టింది. తరతరాలుగా వయొలిన్లు చేసిన కుటుంబాలు ఇళ్లూ వాకిళ్లూ వదిలేసి చెల్లాచెదురయ్యాయి. 1949లో ఎర్లాంగెన్ పొరుగునున్న బూబెన్‌రాయిట్ అనే పల్లె వారికి చోటిచ్చింది. వచ్చి చేరినవారు ఊరివారికంటే ఎన్నో రెట్లు ఎక్కువయ్యారు. షోన్‌బాఖ్‌కే చెందిన ఫ్రెడ్ విల్ఫర్ 1946లో ఎర్లాంగెన్‌లో ఫ్రామస్ కంపెనీ పెట్టారు. రోలింగ్ స్టోన్స్ బృందంలో బిల్ వైమన్ వాయించిన స్టార్ బేస్ ఆ కంపెనీదే. మా వర్క్‌షాపు పెద్దాయన తాతగారు కూడా అలా వచ్చినవారే. పనిముట్లు మూటగట్టుకుని నడిచి వచ్చారని ఆయన చెబుతుంటే, పరాయి ఊళ్లో పని ఒక్కటే మనిషికి పేరూ చోటూ ఇస్తుందన్న మాట నాకు విడమరిచి చెప్పనక్కరలేకపోయింది.

ఇప్పుడు హోఫ్నర్ పేరుతో వచ్చే వయొలిన్ బేస్‌లు ఒకే చోట తయారవవు. ఖరీదైనవి జర్మనీలో, తక్కువ ధరవి చైనాలో, ఇండోనేషియాలో. జర్మనీవి మిగతావాటి కంటే ఎన్నో రెట్లు ఖరీదు. నా బల్ల మీదికి ఎక్కువగా వచ్చేవి ఆసియా వాద్యాలు. చలికాలంలో వాటితో నిజంగా పరీక్షే. బయట గడ్డకట్టే చలి, లోపల హీటర్లు. గాలిలో తేమ ఉండదు. ఉక్కపోసే దేశంలో పుట్టిన చెక్క ఆ పొడి గాలికి కుంచించుకుపోతుంది. చెక్క తగ్గుతుంది కానీ దానిలో దిగగొట్టిన ఫ్రెట్లు, అంటే స్వరస్థానాల మెట్లు, లోహం కాబట్టి తగ్గవు. వాటి కొసలు అంచు దాటి బయటికి పొడుచుకొస్తాయి. వాయించేవారి ఎడమ అరచేతికి గీసుకుంటాయి. వాటిని ఒక్కొక్కటే సన్నటి ఆకురాయితో అరగదీసి గుండ్రం చేయాలి. వార్నిషు మీద గీత పడకూడదు. తర్వాత నెక్, అంటే వాద్యం మెడ, లోపలి ఉక్కు కడ్డీని తిప్పి, ఏడో ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సుమారు 0.3 మిల్లీమీటర్ల ఎడం ఉండేలా వంపు సరిచేయాలి.

అన్నింటికంటే నాకిష్టమైనది బ్రిడ్జి, అంటే పలక మీద తీగలు ఆనే చెక్క, పని. 500/1 మీద బ్రిడ్జిని మేకులతోనో జిగురుతోనో బిగించరు. తీగల ఒత్తిడే దాన్ని పలక మీద నిలబెడుతుంది. పన్నెండో ఫ్రెట్ మీద తీగను తాకీ తాకకుండా మీటితే ఒక స్వరం పలుకుతుంది. అదే చోట నొక్కి మీటితే అదే స్వరం రావాలి. నొక్కినది హెచ్చుగా పలికితే బ్రిడ్జిని వెనక్కి జరపాలి, తగ్గుగా పలికితే ముందుకు. వెంట్రుకవాసి జరిగినా తేడా వినిపిస్తుంది. అందుకే తీగలు మార్చేటప్పుడు అన్నీ ఒకేసారి విప్పకూడదు. ఒకటి తీసి, దాని స్థానంలో కొత్తది బిగించాకే రెండోదాని జోలికి పోవాలి. ఈ ఒక్క మాట ప్రతి కొనుగోలుదారుకూ పెట్టెలో రాసి పెడతాం.

నా లెక్కలో రీఇష్యూ అనిపించుకోవాలంటే లోపలిది కూడా పాతదానిలా ఉండాలి. ముఖం ఒక్కటే పోలి ఉంటే నాకు చాలదు. ఫెండర్ కంపెనీ 1966లో తెచ్చిన కొరొనాడో బేస్ పూర్తిగా డొల్ల. శబ్దం పెరిగితే, స్పీకరు ధ్వని మళ్లీ వాద్యంలోకే చేరి ఊళ వేస్తుందని వాయిద్యకారులు దానికి దూరమయ్యారు. కంపెనీ తర్వాతి కాలంలో దాన్ని మళ్లీ తెచ్చినప్పుడు లోపల నడుమ చెక్క దిమ్మె పెట్టింది. హోఫ్నర్ కంటెంపరరీ శ్రేణిలోనూ అలాంటి దిమ్మె ఉంది. ఊళ తగ్గింది, స్వరం ఎక్కువసేపు నిలుస్తోంది. అది తప్పని నేను అనను, పెద్ద శబ్దపు వేదికలకు అదే మేలు. కానీ ఆ మార్పు చేశామని కొనేవారికి చెప్పాలి, చెక్క లోపలిది కంటికి కనిపించదు కదా. దీనికి భిన్నంగా గిల్డ్ కంపెనీ స్టార్‌ఫైర్ సంగతి నాకు సంతోషం కలిగిస్తుంది. 1965 నాటి ఆ బేస్‌లో తీగ కదలికను విద్యుత్తుగా మార్చే పికప్, స్వీడన్‌కు చెందిన హాగ్‌స్ట్రోమ్ కంపెనీ బైసోనిక్ ఉండేది, దాని స్వరమంతా అందులోనే ఉంది. కొరియాలో తయారైన రీఇష్యూకు ఆ పికప్‌ను కూడా మళ్లీ రూపొందించారు. ఎపిఫోన్ కంపెనీ 1997లో బేస్ వాయిద్యకారుడు జాక్ కసాడీ పేరుతో తెచ్చిన బేస్‌కు మూలం, అమ్మకాలు సాగక 1970ల చివర్లో ఆగిపోయిన ఒక గిబ్సన్ వాద్యం. మూలం కంటే ఈ కొత్తదే ఎక్కువ మంది చేతుల్లోకి వెళ్లింది. దీన్ని నకలని ఎలా అనగలం?

ఫింగర్‌బోర్డు, అంటే నెక్ మీద ఫ్రెట్లు దిగగొట్టే పలక, చెక్క విషయంలో మన దక్షిణాది అడవులకూ ఈ కథలో చోటుంది. ఫింగర్‌బోర్డులకు వాడే ఇండియన్ రోజ్‌వుడ్ మన జిట్రేగి. 2017 జనవరిలో రోజ్‌వుడ్ జాతులన్నింటినీ అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ కిందికి తెచ్చారు. ప్రతి గిటార్‌కూ కాగితాలు అవసరమయ్యాయి. చాలా కంపెనీలు పావు ఫెర్రో, లారెల్ వంటి చెక్కలకు మళ్లాయి. 2019 నవంబరులో, తయారైన వాద్యాలకు మినహాయింపు వచ్చింది. ఆ నడిమి రోజుల్లో తయారైన రీఇష్యూల ఫింగర్‌బోర్డు కాస్త లేతగా కనిపిస్తే కారణం అదే కావచ్చు.

నన్ను బాధపెట్టేది ఒకటుంది. ఒకసారి దుకాణానికి వచ్చిన ఒకాయన, తన బేస్‌ను జర్మన్ మనిషి ఎవరైనా మరోసారి చూస్తారా అని నా ఎదుటే మా పెద్దాయనను అడిగాడు. పెద్దాయన నా వైపు చూపించి, "ఈ వర్క్‌షాపులో ఫ్రెట్ల పని చూసి సంతకం పెట్టేది ఈమే. నా తాత కూడా ఈ ఊరికి బయటినుంచి వచ్చినవాడే" అన్నారు. అంతటితో ఆ సంభాషణ ముగిసింది. ఆ రోజు నుంచి నాకు ఇండోనేషియా కార్మికుల మీద గౌరవం ఇంకా పెరిగింది. వాద్యం మీద సంఖ్య ఉంటుంది, పేరుండదు. ఆ వంపులు తిరిగిన పలకకు అంత నిండైన అంచు కట్టినవారెవరో కొనేవారికి ఎప్పటికీ తెలియదు. పేరు రాయాలని నేను మా వర్క్‌షాపులో అడుగుతూనే ఉన్నాను, అడుగుతూనే ఉంటాను.

ఈ సెలవుకు బెజవాడ వచ్చినప్పుడు ఇండోనేషియాలో తయారైన వయొలిన్ బేస్ ఒకటి మా బాబాయి కోసం తెచ్చాను. ఆయన ఆర్కెస్ట్రాల్లో బేస్ వాయిస్తూ పెళ్లిళ్లలో, శ్రీరామనవమి పందిళ్లలో, దసరా వేదికల మీద జీవితం గడిపారు. ఇళయరాజా పాటల్లో బేస్ నడకలంటే ఆయనకు ప్రాణం. గంటల తరబడి నాలుగు కిలోల గిటార్ మోసి ఇప్పుడు భుజం అరిగిపోయింది. "ఏమ్మా, ఇది అసలుదా, నకలా?" అన్నారు మొదట. మెడలో వేసుకుని ఒక పల్లవి వాయించాక ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు.

దాన్ని నూజివీడులో వీణలు చేసే ఒక పెద్దాయనకు కూడా చూపించాం. ఆయన వెనుక పలకను వేలి కణుపుతో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. ఎర్లాంగెన్‌లో మా పెద్దాయన చేసేది కూడా సరిగ్గా ఇదే. వీణ మెట్లు మైనం మీద కూర్చుంటాయి కాబట్టి ఒక్కో మెట్టును విడిగా సవరించుకోవచ్చు. "మరి మీరు చెక్కలో దిగగొట్టేశారు, వానాకాలం చెక్క ఉబ్బితే ఏం చేస్తారు?" అని ఆయన అడిగారు. అసలైన ప్రశ్న. నెక్ లోపలి కడ్డీని, బ్రిడ్జిని ఎలా సవరిస్తామో చూపించాను. బ్రిడ్జి కింద పలక వంపుకు చెక్క సరిగ్గా అతకలేదని ఆయన వేలితో చూపిన చోటు నా కంటికి ఆననిది. అక్కడే ఉప్పుకాగితంతో ఇద్దరం కలిసి సరిచేశాం.

బెజవాడ వేదికకు ఈ వాద్యం పనికొస్తుందా అంటే, జాగ్రత్తలతో పనికొస్తుంది. 500/1 పలకకు రంధ్రాలు ఉండవు కాబట్టి రంధ్రాలున్న హాలోబాడీల కంటే ఊళ కొంత తక్కువ. అయినా పెద్ద స్పీకరు ఎదుట నిలబడకూడదు. వేదిక మీద స్పీకరుకు పక్కగా, కాస్త దూరంగా నిలబడి, శబ్దం పెంచే పని మైకు మనిషికి వదిలేయాలి. ఎండలో కారులో ఉంచకూడదు. ఫ్లాట్‌వౌండ్ తీగలు చెమటకూ మురికికీ తొందరగా పాడవవు, మన ఉక్కకు అవే తగినవి. రెండు జతలు అదనంగా ఇచ్చాను.

నిన్న బాబాయి స్టార్‌ఫైర్ సంగతి ఎవరి ద్వారానో విని, "వచ్చే ఏడాది అది తెస్తావా?" అని అడిగారు. "దాని బరువు ఎక్కువ బాబాయ్, ముందు భుజం సంగతి చూసుకోండి. ఈ దసరాకు దీనితో వాయించి, ఎక్కడ ఊళ వేసిందో, ఏ స్వరం నిలవలేదో రాసి పంపండి, మా వర్క్‌షాపులో చూపిస్తాను" అన్నాను. పాత డైరీ ఒకటి వెతికి తెచ్చుకున్నారు.