ముప్పై ఐదు దాటిన ఆడవాళ్లకూ ఉచిత శిక్షణ, ఉద్యోగం: నా అనుభవం

మా ఆయన పోయాక నాకు వితంతు పింఛన్ వచ్చేది. దానికి ఉపాధి హామీ కూలి డబ్బులు కలిపితే ఇల్లు ఏదోలా గడిచేది. ఇద్దరు పిల్లలు పెద్ద చదువులకు వస్తుంటే ఇక అలా కుదరదని అర్థమైంది.

2022లో ఒకరోజు మా డ్వాక్రా సంఘం మీటింగులో, సంఘాల లెక్కలు చూసే యానిమేటర్ ఒక కాగితం చదివింది. గ్రామీణ యువతకు ఉచిత శిక్షణ, తర్వాత ఉద్యోగం, వయసు 15 నుంచి 35. యువత అనగానే అందరం ఎవరి పిల్లల గురించి వాళ్లు ఆలోచించుకున్నాం. నాకప్పటికి ముప్పై ఏడు. అయినా మనసు ఊరుకోక మండలంలో పొదుపు సంఘాల పని చూసే వెలుగు ఆఫీసుకు వెళ్లి అడిగాను. అక్కడ సీసీ (కమ్యూనిటీ కోఆర్డినేటర్) మేడం రూల్స్ తీసి చూపించింది. ఆడవాళ్లకు 45 ఏళ్ల వరకు అవకాశం ఉంది. దివ్యాంగులకు కూడా అంతే. ఈ ఒక్క మాట తెలియక మా ఊళ్లో ఎంతమంది ఆగిపోయారో. అందుకే అన్నిటికంటే ముందు ఇది రాస్తున్నాను.

పథకం పేరు దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన. అందరూ డీడీయూ-జీకేవై అంటారు. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ 2014లో మొదలుపెట్టింది. మా ఆంధ్రలో సీడాప్, తెలంగాణలో ఈజీఎంఎం అనే ప్రభుత్వ సంస్థలు దీన్ని చూస్తాయి. పాఠాలు చెప్పేది మాత్రం వాళ్లు ఎంపిక చేసిన సంస్థలు. పేద కుటుంబమని చూపించే రేషన్ కార్డు, పొదుపు సంఘం సభ్యత్వం, ముందు ఏడాది ఇంట్లో ఎవరైనా కనీసం 15 రోజులు ఉపాధి హామీ పని చేసి ఉండడం, వీటిలో ఏది ఉన్నా అర్హతే. నాకు మూడూ ఉన్నాయి. ఆధార్, టెన్త్ మార్కుల మెమో, జాబ్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు ఇచ్చాను. ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేశారు.

కాగితాల పని తొందరగానే అయింది. అసలు టెన్షన్ పింఛన్ గురించి. మా రాష్ట్రంలో అప్పుడున్న నిబంధన ప్రకారం పల్లెల్లో కుటుంబ ఆదాయం నెలకు 10,000 రూపాయలు దాటితే పింఛన్‌కు అర్హత పోతుంది. ఉద్యోగం వచ్చి పింఛన్ పోయి, ఆ తర్వాత ఉద్యోగం కూడా నిలవకపోతే పిల్లల గతేమిటి? బంధువులు అందరూ ఇదే అన్నారు. వాళ్లు నా మంచి కోరే అన్నారు, అందులో తప్పు పట్టేదేమీ లేదు. గ్రామ సచివాలయంలో అడిగితే, శిక్షణలో జీతం ఉండదు కాబట్టి పింఛన్‌కు ఇబ్బంది లేదని, జీతం మొదలైతే ఆదాయం లెక్కలోకి వస్తుందని చెప్పారు. అప్పుడు పింఛన్ 2,500. జనవరి 2023 నుంచి 2,750 అయింది. ఆ డబ్బుతో పిల్లల చదువు నడవదు. నేను ఊళ్లోనే ఉండిపోతే ఇంకో పదేళ్లకైనా అది చాలదు. ఈ లెక్క అమ్మకు చెప్తే, "పిల్లల్ని నేను చూసుకుంటా, నువ్వు పోయిరా" అంది. ఆ మాటే లేకపోతే నేను కదిలేదాన్ని కాదు.

రిటైల్, కుట్టు మిషన్, ఆస్పత్రి పని అని మూడు కోర్సులు చెప్పారు. నేను ఆస్పత్రి పని తీసుకున్నాను. దాన్ని జనరల్ డ్యూటీ అసిస్టెంట్ అంటారు. మా ఆయన చివరి రోజుల్లో మంచం మీద ఉన్నప్పుడు వీపంతా పుండ్లు పడ్డాయి. ఎందుకు పడుతున్నాయో, ఏం చేయాలో నాకు ఎవరూ చెప్పలేదు. సెంటర్లో రెండో వారమే మేడం ఆ పాఠం చెప్పింది. కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, దుప్పటి ముడతలు లేకుండా లాగాలి, చర్మం తడి లేకుండా చూడాలి. ఆ రోజు నాకు ఏడుపు ఆగలేదు. పక్కనున్న అమ్మాయిలు కంగారుపడి, "ఏమైందక్కా" అని చుట్టూ చేరారు. ఈ పని బాగా నేర్చుకోవాలని నాకు అప్పుడే గట్టిగా అనిపించింది.

హాస్టల్, భోజనం, యూనిఫాం అన్నీ ఉచితమే. ఉదయం సాయంత్రం బయోమెట్రిక్, క్లాసులో సీసీ కెమెరా. బీపీ, పల్స్ చూడడం, రోగిని మంచం మీద నుంచి వీల్ చైర్‌లోకి మార్చడం, ఏ వ్యర్థం ఏ రంగు సంచిలో వేయాలో నేర్పారు. వాడిన సూదులు ఎప్పుడూ తెల్లటి గట్టి డబ్బాలోనే పడాలి. స్పోకెన్ ఇంగ్లిష్, కంప్యూటర్ కూడా నేర్పుతారు. ఇంగ్లిష్ అంటే నాకు భయంగానే ఉండేది. కానీ వార్డులో కావాల్సిన మాటలు కొన్నే, రోజూ వాడితే అవే వచ్చేస్తాయి. చివర్లో ఆస్పత్రిలో ఓజేటీ, అంటే పని చేస్తూ నేర్చుకునే శిక్షణ, చేసి, పరీక్ష రాస్తే సర్టిఫికెట్ వచ్చింది.

ఆ తర్వాతే అసలు కష్టం. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఉద్యోగం ఇచ్చారు. జీతం 12,500. పీఎఫ్, ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా), హాస్టల్ అద్దె పోగా చేతికి వచ్చేది బాగా తగ్గుతుంది. మొదటి జీతం పడేదాకా తిండికి, అద్దెకు మన డబ్బే ఖర్చవుతుంది. ఇది శిక్షణలో ఎవరూ చెప్పరు. నేను సంఘం పొదుపులో అప్పు తీసుకుని వెళ్లాను కాబట్టి నిలబడ్డాను. నాతో వచ్చిన చిన్నపిల్లలు కొందరు నెల తిరక్కుండానే ఇంటికి వెళ్లిపోయారు. పని చేతకాక కాదు, చేతిలో డబ్బు లేక, నైట్ డ్యూటీలకు అలవాటు పడక వెళ్లారు.

నిజానికి ఈ సమయం కోసమే ప్రభుత్వం డబ్బు పెట్టింది. అప్పటి రూల్ ప్రకారం ఉద్యోగంలో చేరాక నెలకు 1,000 రూపాయల చొప్పున మన ఖాతాలో వేయాలి. సొంత జిల్లాలో చేరితే 2 నెలలు, రాష్ట్రంలోనే వేరే జిల్లా అయితే 3, వేరే రాష్ట్రమైతే 6. రాష్ట్రం విడిపోయింది కాబట్టి మాకు హైదరాబాద్ వేరే రాష్ట్రం కిందే లెక్క. అంటే ఆరు నెలలు రావాలి. మా శిక్షణ సంస్థ చాలాకాలం వేయలేదు. ఫోన్ చేస్తే పే స్లిప్పులు అందలేదన్నారు. నేను ప్రతి నెలా ఫొటో తీసి పంపేదాన్ని, వాట్సాప్‌లో అన్నీ ఉన్నాయి. జిల్లా ఆఫీసుకు ఫోన్ చేసి అవి పంపించాక మూడు నెలలవి ఒకేసారి పడ్డాయి, మిగతావి తర్వాత వచ్చాయి. మూడు నెలలు పని చేసినట్టు పే స్లిప్పులు చూపిస్తేనే ఆ సంస్థ లెక్కలో మనం ఉద్యోగం వచ్చినవాళ్ల కింద వస్తాం. వాళ్లకు ప్రభుత్వం నుంచి రావాల్సిన డబ్బుకు కూడా దానితో సంబంధం ఉంది. అంటే మన అవసరం వాళ్లకూ ఉంది. ఇది తెలిశాక నేను మొహమాటం లేకుండా అడగగలిగాను. ఆ వెయ్యి రూపాయలు మొదటి నెలలోనే చేతికి వస్తే, వెనక్కి వెళ్లిపోయిన పిల్లల్లో సగం మందైనా ఆగేవారని నా నమ్మకం. శిక్షణ మీద పెట్టినంత శ్రద్ధ ఈ డబ్బు సకాలంలో వేయడం మీద కూడా పెట్టాలి.

పింఛన్ ఆగిపోయింది. బదులుగా ఈఎస్ఐ కార్డు వచ్చింది. అందులో పిల్లల పేర్లు, నామీద ఆధారపడిన అమ్మ పేరు కూడా చేర్పించాను. అమ్మ కంటి ఆపరేషన్ దాని మీదే చేయించాం. ఈమధ్య జీతం కూడా కొంచెం పెంచారు.

వెళ్లాలనుకునే అక్కాచెల్లెళ్లు సెంటర్లో చేరకముందే ఉద్యోగం ఏ ఊళ్లో ఇస్తారో, కోతలు పోగా చేతికెంత వస్తుందో, ఉండడానికి చోటు ఎవరు చూపిస్తారో అడగండి. వీలైతే అంతకుముందు బ్యాచ్‌లో చదివిన ఒకరి నంబర్ తీసుకుని వాళ్లతో మాట్లాడండి. నంబర్ ఇవ్వడానికి వెనకాడే సెంటర్ అయితే, వెలుగు ఆఫీసులో ఇంకో సెంటర్ పేరు అడగండి.